చలికొండకి మోసుకెళ్లిన దూదిపురుగులు

నేను మూడో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. అరకు వెళ్లొచ్చానని తెలిసి మా ఊరి బడి పంతులుగారు, "అటు వెళ్లనివాళ్లు చదువుకుంటారోయ్, చూసింది చూసినట్టు రాయి" అన్నారు. సరేనన్నాను. అన్నాక ఏడాది దాటిపోయింది. చూసింది రాయడానికి ఇంతకాలం పట్టదు. చేసింది కూడా రాయాలి గనక పట్టింది. తప్పులుంటే పంతులుగారు దిద్దుతానన్నారు. అక్షరాల తప్పులు మాత్రమే.

బుట్టలో ఏముంది

నాగజెముడు మీ అందరికీ తెలిసిందే. కంచెకని ఒక్క ముక్క పాతితే కొన్నేళ్లకి పొలం దానిదవుతుంది, గట్టు మనకి మిగులుతుంది. నరికి పారేస్తే పడ్డ ప్రతి ముక్కా వేరు తన్నుతుంది. తగలబెడితే పైన కాలి కింద చిగురిస్తుంది.

దీన్ని తినే పురుగు ఒకటి సింహళం నుంచి మన వైపు కొత్తగా వచ్చింది. శృంగవరపుకోట దగ్గర నేను పనిచేసే వ్యవసాయ తోటకి కూడా తెచ్చారు. ఆకు మీద దూది అంటించినట్టు తెల్లగా ఉంటుంది కాబట్టి మేం దూదిపురుగు అని పిలుచుకుంటాం. ఆ దూది లోపల పెసరబద్దంత పురుగు ఉంటుంది. గోటితో నొక్కితే ఎర్రగా కారుతుంది. తల్లి కూర్చున్న చోటు నుంచి కదలదు. పిల్లలు మాత్రం ఎర్రటి చుక్కల్లా పాకి, గాలికి పక్క ఆకు మీద పడి, అక్కడ మూతి గుచ్చుకుంటాయి. అవి పీల్చిన జెముడు పండిపోయి, కుళ్లి, కుప్పకూలుతుంది. ఇంకే మొక్కనీ అవి ముట్టుకోవు.

మా తోట చూసే ఆయన్ని మేం పెద్దయ్యగారంటాం. ఆయన మార్గశిరంలో కొండల మీద తిరిగొచ్చారు. అరకు దగ్గర ఒక ఊళ్లో సుక్రి అనే ఆమెకి ఉన్న ఒక్క చెక్క పొలాన్నీ నాగజెముడు కమ్మేసిందట. పురుగుని పంపిస్తానని మాటిచ్చారు. పుష్యమాసంలో నన్ను పిలిచి, పురుగు పట్టిన ఆకులు పన్నెండు బుట్టలో పెట్టించారు.

"దీనికి వేడి కావాలి. వెచ్చగా ఉంటేనే పిల్లలు పెడుతుంది. తీసుకెళ్లి జెముడుకి కట్టేసి వచ్చెయ్యి. అంతే నీ పని" అన్నారు.

అంతే నా పని. అంతవరకే చేసి వచ్చేసి ఉంటే ఇప్పుడు ఈ రాత రాయక్కర్లేదు.

బొడ్డవర

సింహాద్రి వరసకి నాకు బావ. వారం వారం ఉప్పు, ఎండుచేపలు బండి మీద అరకు సంతకి తోలతాడు. బొడ్డవర దగ్గర, కొండ మొదట్లో, నా కోసం బండి ఆపాడు.

"ఏటి బావా, పెళ్లికెళ్తన్నావా? బుట్టకి కొత్తగుడ్డ సుట్టినావు."

"పురుగులు బావా. నాగజెముడు ఆకుల మీద ఉన్నాయి."

"కొండకి ఉప్పు మోసినోడ్ని సూసినాను, సేపలు మోసినోడ్ని సూసినాను. ముళ్లున్న సోటికి ముళ్లు మోసినోడ్ని నిన్నే సూత్తన్నాను. బేగి ఎక్కు, ఎద్దులు కూడా నవ్వుతన్నాయి."

ఎక్కాను. మొదటి మలుపులోనే బండి కుదిపితే బుట్ట ఒరిగి బావ తొడకి తగిలింది. నాగజెముడుకి పెద్దముళ్లతో పాటు నూగులాంటి సన్నముళ్లు కూడా ఉంటాయి. అవి కంటికి కనపడవు, దిగితే వదలవు. రెండు రోజులు ఆయన నిలబడే బండి తోలాడు. తిట్లు కూడా నిలబడే తిట్టాడు.

ఘాటీ దారి

ఘాటీ మధ్యలో అడవి గేటు ఉంది. కాపలా ఆయన గుడ్డ విప్పమన్నాడు. విప్పాను. వేలితో పొడిచి చూశాడు. వేలు ఎర్రబడేసరికి వెనక్కి గెంతాడు.

"నెత్తురు! ఏటిరా ఇది, ఏం పూజకి తీసుకెళ్తన్నారు?"

సింహాద్రి బావ ఊరుకుంటాడా? "కొండ దేవతకి బాబూ. ముట్టుకున్నోడు మూడు రోజులు మజ్జిగే తాగాలి, మరేటీ ముట్టకూడదు" అన్నాడు. ఆయన పాపం నమ్మేసి చెయ్యి కడుక్కోడానికి వాగులోకి పరిగెట్టాడు. ఘాటీలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

పైకి వెళ్లేకొద్దీ గాలి మారింది. కింద మా ఊళ్లో పుష్యమాసమంటే తెల్లారి దుప్పటి, పొద్దెక్కితే చొక్కా కూడా బరువే. ఇక్కడ మధ్యాహ్నం కూడా నీడ పట్టున నిలబడితే చెవులు జివ్వుమన్నాయి.

అనంతగిరి

ఇక్కడ కాఫీ తోటలున్నాయి. నేను కాఫీ తాగడం అదే మొదలు. దారి పక్క కొట్టాయన పాలు లేకుండా బెల్లం వేసి ఇచ్చాడు. లోటాకి అణా అన్నాడు. మా వైపు అణాకి కడుపునిండా అన్నం పెడతారు. చేదుగా ఉన్నా వేడిగా ఉందని తాగాను. ఆ లోటాని కాసేపు బుట్ట మీద కూడా పెట్టాను, పురుగులకి వెచ్చగా ఉంటుందని. బావ అది చూసి, "దానికీ ఓ లోటా సెప్పమంటావా?" అన్నాడు.

నా గొంగళి బుట్టకి కప్పి నేను గోనె కప్పుకున్నాను. అప్పటికే నాకు బెంగ పట్టుకుంది. ఇంత చలిలో వీటి గతేమిటని.

సుక్రి ఊరు

నాలుగో రోజుకి అరకు సంత చేరాం. అక్కడ ఉప్పుకి చింతపండు, చేపలకి పిప్పళ్లు. డబ్బు చేతులు మారేది తక్కువ. బావని సంతలో వదిలి, బుట్ట నెత్తిన పెట్టుకుని పొలాల గట్ల మీద నడిచాను. పదహారు ఇళ్ల ఊరు. గోడలకి ఎర్రమట్టి, కింద నల్లటి పట్టీ, అరుగులు అద్దంలా అలికి ఉన్నాయి. మా వైపు ఇళ్లు అంత శుభ్రంగా ఉండవు, నిజం చెప్పాలి.

సుక్రికి నలభై ఏళ్లుంటాయి. ముల్లు దిగి మడమ గట్టిపడిపోయి ఒక కాలు ఈడుస్తుంది. అడ్డచుట్ట కాలుస్తుంది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా అమ్మా అలాగే కాలుస్తుంది. అది చూడగానే కొత్త పోయింది. అప్పా అని పిలిచాను, అక్కా అన్నట్టు.

ఆమె చెక్క చూపించింది. ఎప్పుడో ఒక దొర కాఫీ తోటకి కంచెగా నాగజెముడు నాటించి వెళ్లిపోయాడట. తోట పోయింది, కంచె మాత్రం వాలు మీంచి దిగి ఈమె చెక్కలోకి వచ్చింది. చెక్క చివర నిలువుగా ఒక రాయి తల కనపడుతోంది. కింద భాగమంతా ముళ్లలోనే ఉంది.

"అది నా మగడి రాయి బాబు. పోయినోళ్లకి మేం రాయి నిలబెడతాం. పండక్కి దాని కాడ అంబలి పోస్తాం. మూడు పండగలయినాది, నేను దాని కాడికి యెల్లలేదు. ఇక్కడ నిలబడి సూత్తాను" అంది.

ఊరికి పెద్ద అయిన పెద్దనాయుడు వచ్చాడు. ఆయన చెప్పిందిది. బీడు పడిన నేల ఊరిది. చైత్రమాసం పండగనాడు విత్తనం బయటికి తీసి, ఎవరు ఏ చెక్క విత్తాలో చెబుతారు. ఆ వేళకి ఈ చెక్క సాఫు అయితే సుక్రిదే. కాకపోతే కొడుకులున్నవాడికి ఇచ్చెయ్యాలి. నేల లేకపోతే సుక్రి ఏం చేస్తుందని అడిగాను.

"సర్దారు వత్తాడు కదా, అస్సాం తేయాకు తోటలకి మనుసుల్ని తీసుకెళ్లడానికి" అన్నాడు. "దాని సెల్లెలు యెల్లింది. మరి రాలేదు."

అందుకని ఊళ్లో మగవాళ్లంతా మర్నాడు గొడ్డళ్లతో వచ్చి జెముడు నరికి, గొయ్యి తీసి పాతిపెడతామన్నారట. ఎవరికైనా పెద్ద పని పడితే ఊరంతా వెళ్లడం వాళ్ల పద్ధతి. పని చేయించుకున్నవాళ్లు కల్లు పోసి, అన్నం పెట్టాలి. సుక్రి అప్పటికే జీలుగు కల్లు కుండలు సిద్ధం చేసింది. వచ్చే సంత దాటితే మళ్లీ కుదరదు. ఆ తరవాత అందరూ పోడు కొట్టడానికి కొండెక్కేస్తారు.

మర్నాడు వాళ్లు గొడ్డళ్లతో రాగానే నేను చేతులు అడ్డం పెట్టాను. "నరకొద్దు. నరికితే పురుగుకి తిండేదీ? గొడ్డలి లేకుండా పోతుంది మీ జెముడు."

పెద్దనాయుడు నవ్వాడు. "పంట తినీ పురుగుని సూసినాం గానీ, పంట పెట్టీ పురుగు ఎక్కడుంది బాబు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు రోషం వచ్చింది. "ఎనిమిది రోజులు. మళ్లీ మా బావ బండి వచ్చేసరికి ఈ చెక్క తెల్లబడకపోతే నన్నడగండి. నేనిక్కడే ఉంటాను" అన్నాను. ఎనిమిది రోజులని నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది.

పెద్దనాయుడు సుక్రి వైపు చూశాడు.

"బాబు సదుంకున్నాడు కదా. సెప్తన్నాడు కదా" అంది. మగవాళ్లు గొడ్డళ్లు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. కల్లు మాత్రం తాగి వెళ్లారు. పని చేయించుకోకపోయినా పిలిచినందుకు పొయ్యాలిగా అంది.

పన్నెండు ఆకులూ చెక్క నాలుగువైపులా తీగతో కట్టాను.

పొయ్యి మీద అటక

పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగులది, మధ్యాహ్నం సామన్నం, కందికట్టు, అడ్డాకు డొప్పలో. నాకు రెండు డొప్పలు పెట్టి ఆమె ఒకటి తినేది. ఆకలి లేదనేది. మా అమ్మ చెప్పే అబద్ధమే అది. తెలిసి కూడా తిన్నాను.

రోజూ తెల్లారి వెళ్లి చూసేవాణ్ణి. గడ్డి మీద మంచు సున్నం చల్లినట్టుండేది. పురుగులు ఎక్కడివక్కడే. ఎర్రచుక్కలు ఒక్కటీ పాకలేదు. మా తోటలో ఎండాకాలం ఆకు మీద చెయ్యి పెడితే చేతికెక్కేసేవి. నాలుగో రోజు ఒకదాన్ని గిల్లాను. ఎర్రగానే వచ్చింది. బతికే ఉందని అప్పుడే తెలియాలి. నా కంటికి పిల్లలు లేవన్నదే కనపడింది.

అయిదో రోజు పెద్దనాయుడు గట్టు మీంచి అరిచాడు. "బాబూ, మీ పురుగులు మా సలికి సెలవెట్టినాయా?"

నేను ఇంటికొచ్చి అడిగాను. "అప్పా, మీ ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటేది?"

ఆమె గడ్డంతో పైకి చూపించింది. పొయ్యి మీద వెదుళ్లతో అటక ఉంది. చోళ్లు, సామలు, కందులు, వచ్చే ఏటి విత్తనమంతా అడ్డాకు మూటలు కట్టి దానికి వేలాడదీసింది. పొగ పట్టి మూటలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఆకులన్నీ తెచ్చి అక్కడ పెడదాం."

"అక్కడొద్దు బాబు. ఇత్తనం అక్కడెందుకెడతాం? పురుగు పట్టకుండా. ఆ పొగకి పురుగన్నది బతకదు."

"అది విత్తనాల పురుగు. ఇది వేరు. దీనికి వేడి కావాలని మా పెద్దయ్యగారు చెప్పారు."

"ఆయన మా పొయ్యి సూడలేదు కదా."

"ఆయన పెద్ద చదువు చదివారప్పా."

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది. "ఈ సలికి కోడి కూడా పొదగదు తమ్ముడా. ఎండొస్తే అదే కూకుంటాది. కూకోలేదని కోడిని పొయ్యి మీదెడతామా?"

ఆమె నన్ను తమ్ముడా అని పిలవడం అదే మొదలు. ఆ పిలుపుకి సంతోషించాను. మిగతా మాట వినలేదు.

నేనే వెళ్లి కట్లు విప్పి ఆకులు తెచ్చాను. రాయి వైపున్న రెండిటి దగ్గరికి వచ్చేసరికి నా చేతుల నిండా సన్నముళ్లు దిగాయి, అవి నువ్వు తీసుకురా అని ఆమెకి చెప్పాను. తెచ్చి ఇచ్చింది. లెక్క చూసుకోకుండా అన్నీ అటక మీద పరిచాను. పొయ్యి ఆరనివ్వద్దన్నాను. కట్టెలు కూడా నేనే కొట్టి తెచ్చాను. రెండు రోజులు ఆ ఇంట్లో మేమిద్దరం దగ్గుతూనే ఉన్నాం.

మూడోనాటి పొద్దున దించాను. దూది గోధుమరంగు తిరిగింది. వేలితో తాకితే వేయించిన నువ్వుల్లా రాలాయి. నొక్కి చూశాను. ఎరుపు లేదు.

ఆమె వాగుకి నీళ్లకి వెళ్లింది. వచ్చేలోపల ఆ ఎండిన ఆకుల్ని మళ్లీ జెముడుకి కట్టేశాను. ముడులు గట్టిగా వేశాను. ఎందుకు గట్టిగా వేశానో ఇప్పటికీ తెలియదు.

తిరుగుదారి

బండి వచ్చింది. పెద్దనాయుడు అడిగితే, "లోపల పని మొదలైంది. ఇంక ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. పెద్దవాడు, నా మాట నమ్మాడు. అప్పుడు నిజం చెబితే ఇంకా వ్యవధి ఉంది. మర్నాటి నుంచే వాళ్లు పోడుకి ఎక్కేది. ఆ పొద్దున్నే చెబితే గొడ్డళ్లు వచ్చేవి.

సుక్రి గట్టు దాకా కాలీడ్చుకుంటూ వచ్చింది. అడ్డాకులో చింతపండు ముద్ద కట్టి, "మీ అమ్మకి" అంది. తరవాత నేల చూస్తూ, "తమ్ముడా, రాయి కాడున్న రెంటిలో ఒకటి నేను దించలేదు. నువ్వు సెప్పినావు గానీ నాకు మనసొప్పలేదు. కోప్పడకు" అంది.

"ఒక్కదానితో ఏమవుతుందిలే అప్పా" అన్నాను.

మిగతావి చచ్చాయని ఆమెకి తెలుసా? తెలిసే ఆ మాట చెప్పిందేమో. నా చేతులకి అటక మసి ఇంకా పోలేదు.

ఘాటీ దిగుతుంటే బావ అడిగాడు. "ఏటి బావా, పట్టినాయా మీ పురుగులు?"

"బాగా పట్టాయి."

"మరి ముఖం అలాగెట్టినావేటి? సన్నముళ్లు నీకూ దిగినాయా?"

తోటలో

పెద్దయ్యగారికి కట్టేసి వచ్చానని చెప్పాను. అబద్ధం కాదు. కట్టింది నిజమే.

ఫాల్గుణంలో ఎండలు ముదిరాయి. మా తోటలో నాగజెముడు ఒక్కసారిగా తెల్లబడింది. వారం వారం చూస్తుండగానే వరసలు వరసలు కూలాయి. బావి పక్క నీడలో, చలికాలమంతా ఉలుకూ పలుకూ లేని ఆకుల మీద కూడా ఎర్రచుక్కలు పాకుతున్నాయి. నేను పెద్దయ్యగారిని అడిగాను, అవి చలికి చచ్చిపోలేదా అని.

"చలికి ఎందుకు చస్తాయోయ్! తల్లి కడుపు పట్టుకుని కూర్చుంటుంది, అంతే. ఎండ తగలగానే పెడుతుంది. కొండ మీద ఇంకో నెల ఆలస్యమవుతుందేమో. నీకు ముందే చెప్పాల్సింది" అన్నారు.

ఆయన చెప్పకపోయినా నాకు చెప్పినవాళ్లున్నారు. కోడిని పొయ్యి మీద పెడతామా అని సుక్రి అడిగింది.

ఆ రోజుల్లో సింహాద్రి బావ కొండకి వెళ్లేముందు మా తోట గేటు దగ్గరే ఎద్దులకి నీళ్లు పట్టేవాడు. "ఆ సుక్రికి ఏటైనా సెప్పమంటావా?" అని వెళ్లిన ప్రతిసారీ అడిగేవాడు. చైత్రమాసం పండగకి ముందు మూడుసార్లు అడిగాడు. "ఆకులన్నీ నేనే చంపాను, కానీ ఆ ఒక్కటి బతికే ఉంటుంది, పెద్దనాయుణ్ణి ఇంకో ఏడాది ఆగమను" అని చెబితే చాలు. ఆయన ఆగేవాడేమో. పెద్దయ్యగారితో చెబితే ఇంకో బుట్ట ఇచ్చేవారేమో. తోటలో పని పోతుందేమోనని భయపడ్డాను. అందరూ నవ్వుతారేమోనని ఇంకా ఎక్కువ భయపడ్డాను.

"ఏం లేదు బావా" అన్నాను. మూడుసార్లూ.

పండగనాడు ఆ చెక్క నలుగురు కొడుకులున్న మనిషికి వెళ్లింది. జ్యేష్ఠమాసంలో సర్దారు వచ్చాడు. సుక్రి వెళ్లిపోయింది. వెళ్లేముందు గట్టు మీద నిలబడి రాయి వైపు చూసిందట. అప్పటికి రాయి పక్క ఒక పొద మీద తెల్లగా పడిందని, అందరికీ చూపించి వెళ్లిందని బావ చెప్పాడు. "మా తమ్ముడు సెప్పినాడు కదా, కాకపోతే ఆలీసమైనాది" అందట.

ఈ వైశాఖంలో బావ మళ్లీ వెళ్లొచ్చాడు. ఇప్పుడక్కడ నాగజెముడు లేదట. రాయి దగ్గర మొదలై వాలు పై దాకా కుళ్లి పడిపోయిందట. నలుగురు కొడుకులకీ గొడ్డలి ఎత్తే పని పడలేదు. దుక్కి దున్ని, సామలకి సిద్ధంగా ఉంచారు. బండిదారి నుంచే రాయి మొదలంటా కనపడుతోందని చెప్పాడు.

నాకు మళ్లీ కొండెక్కే మొహం లేదు. ఇది చదివినవాళ్లలో ఎవరైనా అరకు సంతకి వెళ్తే ఒక పని చెయ్యండి. సంత నుంచి గట్ల మీదుగా వెళ్తే ఎర్రమట్టి గోడల పదహారు ఇళ్లు వస్తాయి. దాటగానే వాలు కింద ఒంటరిగా నిలువురాయి ఉంటుంది. ఇప్పుడు దాని దగ్గరికి దారి బాగానే ఉంది, ముళ్లు లేవు. అడ్డాకు డొప్పతో కాస్త చోడి అంబలి పట్టికెళ్లి దాని మొదట్లో పొయ్యండి. ఎవరు పంపారని అడిగితే సుక్రి పంపిందని చెప్పండి.